ఆగస్టు సింహాలు

ఆగస్టు వచ్చిందంటే చాలు, ఆఫీసులో లంచ్ టైము కబుర్ల రంగు మారిపోతుంది. అప్పటిదాకా గ్రీన్‌కార్డు డేట్లు, ఇళ్ళ రేట్లు మాట్లాడుకున్న జనమే ఉన్నట్టుండి ఫుట్‌బాల్ పండితులైపోతారు. (ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదండోయ్. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్. దీనికి ఆ పేరెందుకు పెట్టారని ఇక్కడికొచ్చిన ప్రతి తెలుగువాడూ మొదటి ఏడాది అడుగుతాడు, రెండో ఏడాది మానేస్తాడు, మూడో ఏడాది ఫాంటసీ లీగులో చేరిపోతాడు.)

అసలు సీజను సెప్టెంబరులో మొదలవుతుంది. దానికి ముందు ఆగస్టులో ప్రతి జట్టూ కొన్ని ప్రీసీజన్ మ్యాచులు ఆడుతుంది. ఒకప్పుడు 6 ఉండేవి, 1978లో 4 చేశారు, 2021లో 3 చేశారు. లెక్కలోకి రాని ఆటలు ఇవి. ఐనా సరే, మన జట్టు రెండు మ్యాచులు గెలిచిందంటే "ఈసారి మనదే" అనడం, ఓడిపోతే "ఈసారీ అంతే" అని నిట్టూర్చడం మామూలే. నిన్న లంచ్‌లో ఇదే గొడవ. ఒకాయన తన జట్టు ఆగస్టులో గెలిచిన మ్యాచులు చూపించి డిసెంబరు దాకా జోస్యం చెప్పేశాడు. నేనేదో అనబోయాను, పక్కనాయన నా కాలు తొక్కాడు. అక్కడ మింగేసిన మాటల్నే ఇక్కడ కక్కుతున్నా.

మొదట అందరికీ తెలిసిన కథ. 2008లో డెట్రాయిట్ లయన్స్ జట్టు ప్రీసీజన్లో నాలుగుకి నాలుగూ గెలిచింది. ఊరికే గెలవడం కాదు. నాలుగు మ్యాచుల్లో కలిపి 80 పాయింట్లు కొట్టి, 32 మాత్రమే ఇచ్చింది. మొదటి మ్యాచిలో ఓడించింది ఎవర్ననుకున్నారు, అంతకు ముందు ఫిబ్రవరిలోనే సూపర్ బౌల్ గెలిచిన న్యూయార్క్ జెయింట్స్‌ని. ఇహ డెట్రాయిట్ జనానికి ఆశలు పుట్టడంలో వాళ్ళ తప్పేమీ లేదు. ముందటేడు కూడా సగం సీజను దాకా 6-2తో ఉండి, ఆ తర్వాత 7-9కి జారిన జట్టు అది.

సెప్టెంబరులో అట్లాంటాతో మొదటి మ్యాచి. అట్లాంటా క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ రయాన్ అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన కుర్రాడు. లీగులో అతను విసిరిన మొట్టమొదటి బంతే 62 గజాల టచ్‌డౌన్. అదే మ్యాచిలో మైకేల్ టర్నర్ 220 గజాలు పరిగెత్తాడు. లయన్స్ 34-21తో ఓడిపోయారు. ఆ తర్వాత ఓడిపోతూనే ఉన్నారు. మిన్నెసోటాతో మ్యాచిలో క్వార్టర్‌బ్యాక్ డాన్ ఒర్లోవ్‌స్కీ తరుముకొస్తున్నవాణ్ణి తప్పించుకుంటూ, తనకే తెలీకుండా వెనక గీత దాటేసి ఎదుటివాళ్ళకి 2 పాయింట్లు దానమిచ్చాడు. ఆ మ్యాచి 12-10తో ఓడారు. ఆ రెండు పాయింట్లే తేడా. థ్యాంక్స్‌గివింగ్ రోజున దేశమంతా టర్కీ తింటూ చూస్తుండగా టెనెసీ చేతిలో 47-10. చివరికి డిసెంబరు 28న గ్రీన్ బేలో 31-21తో ఓడి, 16కి 16 మ్యాచులూ ఓడిన మొదటి జట్టుగా చరిత్రకెక్కారు. ఆగస్టులో సింహాలు, ఆ తర్వాత పిల్లులు కూడా కాదు.

సరే, ఒకసారంటే గ్రహచారం అనుకుందాం. 2017లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ కూడా ప్రీసీజన్లో 4-0. చివరి మ్యాచిలో షికాగోని 25-0తో ఉతికేశారు. అసలు సీజన్లో? 0-16. అక్కడి అభిమానులు 2018 జనవరిలో గడ్డకట్టే చలిలో స్టేడియం చుట్టూ ఊరేగింపు తీశారు. అన్నీ ఓడిన 'పర్‌ఫెక్ట్ సీజన్'కి సన్మానమట. కడుపుమంటని అంత కళాత్మకంగా చూపించిన అభిమానులు ఇంకెక్కడైనా ఉన్నారేమో నాకు తెలీదు.

ఇంతవరకూ లీగు చరిత్రలో 0-16 చేసిన జట్లు ఈ రెండే. రెండూ ప్రీసీజన్లో 4-0 చేసినవే.

మనకి క్రికెట్లో ఇది కొత్తేమీ కాదనుకోండి. 2007 ప్రపంచకప్పుకి ముందు వార్మప్ మ్యాచిలో వెస్టిండీస్‌ని వాళ్ళ గడ్డ మీదే 85కి ఆలౌట్ చేశాం. ఎగిరి గంతేశాం. మార్చి 17న బంగ్లాదేశ్ చేతిలో ఏమైందో గుర్తుచేసి మీ ఆదివారం పాడుచెయ్యను.

ఇటువైపు కథలున్నట్టే అటువైపు కథలూ ఉన్నాయి. 2005లో పేటన్ మానింగ్ ఉన్న ఇండియానాపొలిస్ కోల్ట్స్ ప్రీసీజన్లో ఐదు మ్యాచులాడి ఐదూ ఓడారు. అసలు సీజను మొదలయ్యాక వరసగా 13 గెలిచి, 14-2తో ముగించారు. 2021లో లాస్ ఏంజెలెస్ రామ్స్ ప్రీసీజన్లో మూడుకి మూడూ ఓడారు. ఆ సీజను చివర సూపర్ బౌల్ ఎత్తింది వాళ్ళే.

ఇక్కడిదాకా చదివి "అంటే ప్రీసీజన్లో ఓడిన జట్టే మంచిదన్నమాట!" అని ఎవరైనా అంటే, వాళ్ళకీ నిన్నటి లంచ్ జోస్యుడికీ తేడా లేదు. నేనిప్పటిదాకా చేసింది ఏరుకోవడం. రుచిగా ఉన్న కథలు నాలుగు ఏరి మీ ముందు పెట్టాను. కథలతో ఏదైనా నిరూపించొచ్చు. కావాలంటే ఇంకోటి ఏరిస్తాను: 2012లో సియాటిల్ సీహాక్స్ ప్రీసీజన్లో 4-0, అసలు సీజన్లో 11-5. మరి ఇప్పుడేమంటారు?

కాబట్టి కాస్త లెక్క చేద్దాం. భయపడకండి, కాగితం మీద పట్టేంత లెక్కే. ప్రీసీజన్ మ్యాచి అంటే నాణెం ఎగరేయడమే అనుకుందాం. నాలుగు సార్లూ బొమ్మే పడే అవకాశం పదహారింట ఒకటి. లీగులో 32 జట్లున్నాయి. అంటే ఎవరికీ ఏ గొప్పా లేకపోయినా ప్రతి ఆగస్టులో సగటున రెండు జట్లు 4-0 చేస్తాయి, రెండు జట్లు 0-4 చేస్తాయి. నాలుగు మ్యాచులున్న నలభై ఏళ్ళలో ఇలాంటి 4-0 జట్లు డెబ్భయ్యో ఎనభయ్యో వచ్చి ఉండాలి. అందులో రెండు తుక్కు జట్లున్నాయంటే ఆశ్చర్యం ఏముంది? మనకి ఆ రెండే గుర్తుంటాయి, మిగతా డెబ్భై ఎవరికి గుర్తు?

అసలు నన్ను ఆలోచింపజేసిన లెక్క ఇంకోటుంది. ప్రీసీజన్ సంగతి పక్కన పెట్టండి. నాలుగూ నిజం మ్యాచులే, అందరూ ప్రాణం పెట్టి ఆడారనుకోండి. అప్పుడైనా నాలుగు మ్యాచులు మనకి ఎంత చెబుతాయి? 16 మ్యాచుల సీజన్లలో జట్ల గెలుపుల స్టాండర్డ్ డీవియేషన్ సుమారు 3 ఉండేది. అన్ని జట్లూ సమానమైనా, కేవలం నాణెం వల్ల వచ్చే డీవియేషన్ 2. రెంటినీ వర్గం చేసి తీసేస్తే 9 లోంచి 4 పోతే 5 మిగులుతుంది. దాని వర్గమూలం 2 పైచిల్లర. అంటే జట్ల అసలు సత్తాలో తేడా 16 మ్యాచులకి కలిపి సుమారు రెండుంబావు గెలుపులు. అదే నాలుగు మ్యాచులకి తీసుకుంటే సత్తా తేడా అర గెలుపు దాటి కాస్త, అదృష్టం తేడా ఒక పూర్తి గెలుపు. చప్పుడు దాదాపు రెట్టింపు, సంగీతం సగం.

ఈ లెక్కన నిజం మ్యాచుల్లోనే 4-0తో మొదలెట్టిన జట్టు గురించి మనకింకేమీ తెలీకపోతే, దాని సత్తా 16కి 16 కాదు, 16కి 10 దగ్గర అని అంచనా వెయ్యాలి. నాలుగు నిజం మ్యాచులకే ఈ గతి పడితే, ఉత్తుత్తి మ్యాచుల సంగతి ఇంక చెప్పేదేముంది.

ఉత్తుత్తి అని ఎందుకంటున్నానంటే, ఆ మ్యాచులాడే తీరు ఒకసారి చూడండి. మొదటి వరస ఆటగాళ్ళు వస్తే ఒకటి రెండు సార్లు బంతి పట్టుకుని వెళ్ళి కూర్చుంటారు. రామ్స్ కోచ్ షాన్ మెక్‌వే లాంటివాళ్ళు అదీ చెయ్యరు, పెద్ద ఆటగాళ్ళకి టోపీలు పెట్టి గీత పక్కన నిలబెడతారు. వ్యూహాలన్నీ దాచేసి, ఊళ్ళో అందరికీ తెలిసిన నాలుగు ఎత్తులే వేస్తారు. సెప్టెంబరులో ఆడబోయే ఎత్తు ఆగస్టులో ఎవడు చూపిస్తాడు చెప్పండి? రెండో సగానికొచ్చేసరికి మైదానంలో ఉండేది మూడో వరస, నాలుగో వరస. మ్యాచి గెలిచేదీ ఓడేదీ తేల్చేది వాళ్ళు. వాళ్ళలో సగం మందికి పైగా ఇంకో రెండు వారాల్లో ఆ జట్టులో ఉండరు. అంటే "మా జట్టు గెలిచింది" అన్న వాక్యంలో 'మా జట్టు' అన్నదే అబద్ధం.

గెలుపోటములని లీగే పట్టించుకోదు. 2021 నుంచి ప్రీసీజన్లో ఓవర్‌టైమే తీసేశారు. స్కోరు సమానమైతే సమానమే, ఇళ్ళకి పొండి అన్నారు. జట్ల వాళ్ళూ లీగూ పట్టించుకోని స్కోరుని మనమెందుకండీ భుజాన మోయడం?

దీనికి బాల్టిమోర్ రేవెన్స్ మంచి ఉదాహరణ. జాన్ హార్‌బా కోచ్‌గా ఉండగా ఆ జట్టు ప్రీసీజన్లో వరసగా 24 మ్యాచులు గెలిచింది. 2016లో మొదలైన పరుగు 2023 ఆగస్టులో వాషింగ్టన్ చేతిలో 29-28తో ఆగింది. అంతకు ముందు రికార్డు 19. అది 1959 నుంచి 1962 దాకా సాగింది, విన్స్ లొంబార్డి గారి గ్రీన్ బేది. ఏడేళ్ళు ఆగస్టులో ఓటమే ఎరగని రేవెన్స్ అసలు సీజన్లలో ఏం చేశారయ్యా అంటే: 8-8, 9-7, 10-6, 14-2 (మధ్యలో 2020లో ప్రీసీజనే లేదు), 8-9, 10-7. ఆ వరస చూసి ఆగస్టు సంగతి కనుక్కోగలరా? 24-0 వరస తెగిపోయిన 2023లో మాత్రం 13-4.

ఇందులో నాకు బాధ కలిగించిన ముక్క ఒకటుంది. 2021 ఆగస్టు 28న వాషింగ్టన్‌ని 37-3తో కొట్టి, 20వ గెలుపుతో లొంబార్డి రికార్డు దాటారు. అదే మ్యాచి మొదట్లోనే వాళ్ళ ముఖ్యమైన రన్నింగ్ బ్యాక్ జె.కె.డాబిన్స్ మోకాలు తిరగబడి లిగమెంటు తెగింది. ఆ సీజను మొత్తం పోయింది. గాయాలు సాధనలోనూ అవుతాయి, నిజమే (అదే జట్టులో తర్వాతి రెండు వారాల్లో సాధన చేస్తూ ఇంకో ఇద్దరికి అదే తెగింది). కానీ ఎవరికీ అక్కర్లేని రికార్డు రాత్రి, అక్కరకొచ్చే మనిషి పోయాడు. 2003లో మైకేల్ విక్ కాలు విరిగింది కూడా ప్రీసీజన్లోనే. ఆ ఏడాది అట్లాంటా 5-11. ఆగస్టు మ్యాచి సీజన్ని మార్చగలదు, కానీ స్కోరు బోర్డు ద్వారా కాదు, స్ట్రెచర్ ద్వారా.

అప్పుడప్పుడూ ఆ స్ట్రెచర్ వల్లే అద్భుతం జరుగుతుందనుకోండి. 1999 ఆగస్టులో సెయింట్ లూయిస్ రామ్స్ క్వార్టర్‌బ్యాక్ ట్రెంట్ గ్రీన్ మోకాలు పోయింది. ఊరంతా ఏడుస్తుంటే కర్ట్ వార్నర్ అనే ఆయన దిగాడు. అంతకు కొన్నేళ్ళ ముందు కిరాణా కొట్లో రాత్రిపూట అరల్లో సరుకులు సర్దుకున్న మనిషి. 13-3 చేసి, సూపర్ బౌల్ తెచ్చాడు. ఏ ప్రీసీజన్ స్కోరు చూసి చెప్పగలిగేవారు దీన్ని?

మరి ప్రీసీజన్ లేకపోతే ఏమవుతుంది? ఆ ప్రయోగం కూడా జరిగింది. 2020లో కోవిడ్ వల్ల ఒక్క ప్రీసీజన్ మ్యాచి కూడా లేకుండా నేరుగా అసలు సీజన్లోకి దూకారు. ఆట తుప్పు పట్టి ఉంటుందన్నారు. చూస్తే ఒక్కో జట్టు మ్యాచికి సగటున 24.8 పాయింట్లతో లీగు చరిత్రలోనే ఎక్కువ స్కోర్లొచ్చిన సీజన్ అయ్యింది. ఖాళీ స్టేడియాలు, రిఫరీలు కొన్ని ఫౌళ్ళు చూసీచూడనట్టు వదిలెయ్యడం, ఇవీ కారణాలే. ఇరవయ్యేళ్ళు ఒకే జట్టుకి ఆడి, 43వ యేట కొత్త ఊరికి, కొత్త ప్లేబుక్‌కి వచ్చిన టామ్ బ్రేడీ ఒక్క ప్రీసీజన్ బంతీ వెయ్యకుండా టాంపా బేకి సూపర్ బౌల్ గెలిచిపెట్టాడు. నిజం చెప్పాలంటే ఆ జట్టు 7-5 దాకా తడబడింది, ఆ తర్వాత ఒక్కటీ ఓడలేదు. ఆ తడబాటులో ప్రీసీజన్ లేని లోటు కొంత ఉండొచ్చు. కాబట్టి ఆగస్టు సాధనకి విలువే లేదని నేననట్లేదు. ఆగస్టు స్కోరుకి లేదంటున్నాను. రెండూ వేరు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న సంగతి. ప్రీసీజన్ అంటే మ్యాచి కాదు, ఇంటర్వ్యూ. ఆగస్టులో జట్టుకి 90 మంది. నెలాఖరుకి 53 మంది. 37 మందిని 32తో గుణించండి, 1184 మంది. ఒక్క వారంలో అంతమందికి ఉద్యోగం ఊడుతుంది. కొందర్ని ప్రాక్టీస్ స్క్వాడ్ పేరుతో జట్టుకి 16 మంది చొప్పున మళ్ళీ పిలుస్తారు, మిగతావాళ్ళు ఇంటికే. జీతాలు అసలు సీజను వారాలకే కాబట్టి ఆగస్టులో చేతికొచ్చేది భత్యంలాంటిదే. డాట్‌కామ్ బుడగ పేలినప్పుడూ, 2008లోనూ లేఆఫులు చూసిన మనకి ఆ వారం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. వాళ్ళకి పింక్ స్లిప్పు బదులు "కోచ్ పిలుస్తున్నారు, ప్లేబుక్ పట్టుకురా" అన్న మాటొస్తుంది, అంతే తేడా.

2010లో విక్టర్ క్రూజ్‌ని డ్రాఫ్టులో ఏ జట్టూ తీసుకోలేదు. జెయింట్స్ ఊరికే పిలిచి చూశారు. జెట్స్‌తో ప్రీసీజన్ మ్యాచిలో 145 గజాలు, 3 టచ్‌డౌన్లు. జట్టులో ఉండిపోయాడు. 2011లో 1,536 గజాలు, సూపర్ బౌల్. ఆ రాత్రి ప్రీసీజన్ మ్యాచి లేకపోతే ఆ మనిషి పేరు మనం వినేవాళ్ళమే కాదేమో. పైన చెప్పిన 2012 సియాటిల్ కూడా అంతే. మూడో రౌండులో తీసుకున్న పొట్టివాడు రసెల్ విల్సన్. అప్పటికే మంచి డబ్బిచ్చి తెచ్చుకున్న మ్యాట్ ఫ్లిన్‌ని దాటి ఆగస్టులోనే కుర్చీ లాక్కున్నాడు. కోచ్ పీట్ కారల్ చూసింది 4-0ని కాదు, ఈ కుర్రాణ్ణి. ఆగస్టులో సమాచారం ఉంది, జట్టు పేరు పక్కనున్న అంకెలో లేదు, అంతే.

ఇంటర్వ్యూలు కూడా మోసం చేస్తాయి, ఒప్పుకుంటాను. ఒక్క గంటలో మెరిసినవాణ్ణి తీసుకుని తర్వాత తలపట్టుకున్న అనుభవం మనందరికీ ఉంది. నేనే ఒక ఏడాది ఆగస్టులో ఒక రన్నింగ్ బ్యాక్ ఆట చూసి మురిసిపోయి, ఫాంటసీ డ్రాఫ్టులో మూడో రౌండులోనే తీసేసుకున్నాను. పేరు చెప్పను, పరువు పోతుంది (అతనిది కాదు, నాది). అక్టోబరుకల్లా అతను జట్టులోనే లేడు. :) క్రూజులు కనిపిస్తారు, క్రూజు కాలేకపోయినవాళ్ళు కనిపించరు. ఐనా అసలు ఇంటర్వ్యూకే పిలవకపోవడం కన్నా ఇది మేలు కదా.

నా గొడవంతా ఇప్పుడు ఎందుకంటే, ఈ మ్యాచుల్ని ఇంకా తగ్గించాలన్న మాట గట్టిగా నడుస్తోంది. 18 నిజం మ్యాచులు, 2 ప్రీసీజన్ మ్యాచులు పెడదామని కమిషనర్ రోజర్ గుడెల్ 2024లో బాహాటంగానే అన్నాడు. అభిమానులకీ ఇష్టమే. సీజను టికెట్లు కొనేవాళ్ళతో ఈ ఉత్తుత్తి మ్యాచులకీ నిజం మ్యాచి రేటే ఏళ్ళ తరబడి కక్కించారు కదా, ఆ మంట ఉంటుంది. టీవీ వాళ్ళకి ఇష్టం, యజమానులకి ఇష్టం. "ఆ మ్యాచులు దేన్నీ సూచించవు, తీసేస్తే పోయేదేముంది" అంటారు. నేనూ పైన రెండు పేజీలు అదే వాదించాను. కానీ జట్టు భవిష్యత్తు చెప్పలేదు కాబట్టి పనికిరాదనడం, ఇంటర్వ్యూ మార్కులు కంపెనీ లాభాలు చెప్పట్లేదు కాబట్టి ఇంటర్వ్యూలు ఎత్తేద్దామన్నట్టుంది. ఇప్పుడు రెండు జట్లు కలిసి చేసే ఉమ్మడి సాధనలొచ్చాయిగా అంటారు. అవి మొదటి వరస వాళ్ళ కోసం. ఏ కాలేజీ పేరూ వినని కాలేజీ నుంచి వచ్చిన 88వ వాడికి నాలుగో క్వార్టర్ కావాలి, మిగతా 31 జట్ల వాళ్ళు కూడా చూడగలిగే నాలుగో క్వార్టర్. వాడి జట్టు వాడిని వద్దనుకున్నా, ఆ టేపు చూసి ఇంకోడు పిలుస్తాడేమోనన్న ఆశ. రెండు మ్యాచులకి కుదిస్తే ముందు కరిగేది ఆ నిమిషాలే.

రేపు శనివారం మా ఊరి జట్టుకి ప్రీసీజన్ మ్యాచి ఉంది. ఆఫీసులో ఒకాయన తన టికెట్లు పార్కింగు ఖర్చుకే ఇచ్చేస్తానన్నాడు, తీసుకున్నాను. మూడో క్వార్టరయ్యేసరికి జనం కార్ల దగ్గరికి పరిగెడతారు, ముందు వరసల్లో సీట్లు ఖాళీ అవుతాయి. అప్పుడు కిందకి దిగి కూర్చోవాలని ప్లాను. సోమవారం లంచ్‌లో ఎవరు గెలిచారని అడక్కండి, కనుక్కుని చెప్పాల్సొస్తుంది.